నాలుగేళ్ళ పిల్లతో ఫ్రాన్స్ పల్లెలకు: లువారా, దోర్దోన్యా?

మ్యూనిక్‌లో మా తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్తే చాలు, ఏప్రిల్ దాటాక ఒకటే ప్రశ్న. "అక్కా, జూన్‌లో పెంతెకోస్తు పండగకి బడి సెలవులిస్తారుగా, ఫ్రాన్స్ అనుకుంటున్నాం. పారిస్ అయిపోయింది. పల్లె వైపు ఎటెళ్తే బాగుంటుంది? ఊరికే కూర్చోవడం కాదు, సైకిలు తొక్కాలి, పడవెక్కాలి, నడవాలి. చిన్నదానికి నాలుగేళ్ళు." నలుగురికి నాలుగు సార్లు చెప్పాక రాసేస్తే పోలే అనిపించింది.

కిందటేడు జూన్‌లో ఫ్రాన్స్ నైరుతి మూల దోర్దోన్య్ నది వైపు వెళ్ళాం, ఈ ఏడు మధ్య ఫ్రాన్స్‌లో లువార్ నది లోయ. అదే అమ్మాయి, అదే తల్లిదండ్రులు. అప్పుడు దానికి మూడేళ్ళు, ఇప్పుడు నాలుగు. ఆ ఏడాది తేడా చిన్నదేమీ కాదు కాబట్టి నా తీర్పులో కొంచెం తరుగు తీసుకోండి.

జూన్ ఎందుకో మీకు తెలుసు. ఫ్రెంచి బడులకి వేసవి సెలవులు జూలై మొదట్లోగానీ రావు, ఆలోపు అద్దెలూ తక్కువ, రోడ్లూ ఖాళీ. ఒక్కటే తిప్పలు. రాత్రి పదికి కాస్త ముందు దాకా వెలుతురుంటుంది. "ఇంకా పొద్దు పోలేదుగా" అని పిల్ల వాదిస్తే మన దగ్గర జవాబుండదు. పల్లె ఇళ్ళకి చెక్క కిటికీ తలుపులుంటాయి, ఏడున్నరకే మూసేయండి.

అందం సంగతికొస్తే పోటీయే లేదు, దోర్దోన్య్‌దే. సున్నపురాతి కొండకి ఇళ్ళు అతికించినట్టుండే లా రోక్ గజాక్, నది ఒడ్డున ఒకదాన్నొకటి గుర్రుగా చూసుకునే బెనాక్, కాస్తెల్నో కోటలు. నూరేళ్ళ యుద్ధంలో ఒకటి ఫ్రెంచి వాళ్ళ వైపు, ఇంకోటి ఇంగ్లీషు వాళ్ళ వైపు. కాస్తెల్నోలో రాళ్ళు విసిరే పాతకాలపు యంత్రాలు నిలబెట్టారు, మూడేళ్ళ పిల్లకి అంతకన్నా ఏం కావాలి? లాస్కో గుహ బొమ్మలు మాత్రం నాకోసం వెళ్ళాను. 1940లో కొందరు కుర్రాళ్ళ కంటబడ్డ గుహ అది. జనం ఊపిరికి రంగులు పాడవుతున్నాయని 1963లో మూసేశారు. ఇప్పుడు మనం చూసేది 2016లో తెరిచిన నకలు. నకలే అయినా నాకు ఒళ్ళు జలదరించింది. మా అమ్మాయి మాత్రం చీకటికి జడిసి వాళ్ళ నాన్న మెడ వదల్లేదు. మొత్తంలో దానికి గుర్తున్నది ఒక ఎద్దు.

ఇంత చెప్పి కూడా మొదటిసారి వెళ్ళేవాళ్ళని నేను లువార్‌కే పంపుతాను. కారణం ఒకే ఒక్క ప్రశ్న: మొదలుపెట్టిన పని మధ్యలో ఆపెయ్యగలమా?

పెద్దవాళ్ళ ప్రయాణంలో ఈ ప్రశ్న రాదు. నాలుగేళ్ళ పిల్లకి పదకొండున్నరకి ఉత్సాహం, పన్నెండుకి ఏడుపు, పన్నెండుంబావుకి నిద్ర. ఆ పావుగంటలో మీరెక్కడున్నారన్నదే సెలవు మంచిదో చెడ్డదో తేలుస్తుంది. దోర్దోన్య్‌లో ముఖ్యమైన సరదా కనూ, అంటే మనమే తెడ్డేసుకునే సన్నటి పడవ. ఎగువన ఎక్కిస్తారు, దిగువన దింపుకుని వ్యానులో వెనక్కి తెస్తారు. నది మధ్యలో "అమ్మా, ఇంటికి" అంటే ఇల్లెక్కడ? అసలు మాకు అంతదాకా రానేలేదు. అద్దెకిచ్చే ఆయన పిల్లని ఒకసారి ఎగాదిగా చూసి, ఐదు నిండాయా, ఈత వచ్చా అని అడిగాడు. రెండిటికీ లేదనే. ముందే డబ్బు కట్టి, టోపీలు, నీళ్ళ సీసాలు, నాలుగు చపాతీ చుట్టలు కట్టుకొచ్చిన మేము ఒడ్డున కూర్చుని అవి తినేసి లేచాం. తప్పు ఆయనది కాదు, షరతులు చదవకుండా బుక్ చేసిన మా ఆయనది. (ఇది ఆయనా చదువుతారు.) తర్వాత లా రోక్ గజాక్‌లో గబార్ అనే వెడల్పాటి కొయ్య పడవెక్కాం. పూర్వం సరుకులు మోసిన పడవల పోలికలో కట్టినవి. హాయిగానే ఉంది, కానీ అది కూర్చుని చూడ్డం.

ఇంకో సంగతి, దోర్దోన్య్‌లో కారు లేకపోతే కాలు కదపలేరు. ఒక కోట, ఒక గుహ, ఒక సంత అనుకుంటే రోజుకి గంటన్నర కారు సీటులోనే. పిల్ల ఆ మధ్యాహ్నం నిద్ర కారులో పోతుంది, రాత్రి పడుకోదు.

లువార్‌లో వరస మారిపోతుంది. నది వెంబడి సుమారు 900 కి.మీ. సైకిల్ దారి ఉంది, చాలావరకు చదును. సైకిలు వెనక తగిలించే పిల్లల బండి, ట్రైలర్, అద్దెకి దొరుకుతుంది. పిల్లని అందులో కూర్చోబెడితే దానికి నిద్రొచ్చినా మన ప్రయాణం ఆగదు, మనకి ఓపిక లేకపోయినా పక్క ఊళ్ళో ఆగిపోవచ్చు. ఇంకో లాభం రైలు. బ్లువా, అంబువాజ్, తూర్, సోమూర్ అన్నీ రైలు దారి మీది ఊళ్ళే. మేము అంబువాజ్‌లో బయల్దేరి తూర్ దాకా అనుకున్నాం. పడమటి గాలి ఎదురు కొడుతుంటే మోలూయీ చేరేసరికి మా ముగ్గురికీ ఒకేసారి ఏడుపొచ్చింది. స్టేషన్‌కెళ్ళి గంట పైన కూర్చున్నాం, ట్రైలర్ మడిచి రైలెక్కాం. అంతే, ఆ రోజు పాడవలేదు. అందుకే చెప్తున్నా, పడమర నుంచి తూర్పుకి తొక్కండి, గాలే తోస్తుంది. హెల్మెట్ మర్చిపోకండి. 12 ఏళ్ళ లోపు పిల్లలకి, తొక్కినా వెనక కూర్చున్నా, 2017 నుంచి తప్పనిసరి.

కోటలు పిల్లలకి విసుగు అనుకుంటాం. షాంబోర్‌లో జంట మెట్ల చుట్టు ఉంది, ఒక చుట్టులో ఎక్కేవాళ్ళు రెండో చుట్టులో దిగేవాళ్ళకి ఎదురుపడరు. మా అమ్మాయి ఒకవైపు, నేను ఒకవైపు, కిటికీల్లోంచి "దొరికావా?" అనుకుంటూ ముప్పావుగంట. పిల్లలకి టికెట్టు లేదు. అంబువాజ్‌లో లియొనార్డో దా విన్చి చివరి రోజులు గడిపిన క్లో లూసే అనే భవనం ఉంది. తోటలో ఆయన గీతల్ని బట్టి చేసిన పెద్ద పెద్ద యంత్రాలు పెట్టారు, చేత్తో తిప్పొచ్చు. విల్లాంద్రి తోటల్లో కాబేజీని కూడా ముగ్గు వేసినట్టు నాటారు, పక్కనే పిల్లల ఆటస్థలం.

లోపాలు లేవా? ఉన్నాయి. లువార్ నదిలో దిగకూడదు. ఇసుక తిన్నెలు చూడ్డానికి గోదారి లంకల్లా ముచ్చటగా ఉంటాయి గానీ అడుగున ఇసుక కదులుతుంది, సుడులుంటాయి, చాలాచోట్ల స్నానం నిషేధం. దోర్దోన్య్‌లో గులకరాళ్ళ ఒడ్డున పిల్ల కాళ్ళు తడుపుకుంది, ఇక్కడ ఆ సుఖం లేదు. కొన్ని చోట్ల దారి మరీ ఒకేలా ఉంటుంది, రెండో రోజుకే పొలాలు చూసి ఆవులింతలొస్తాయి.

ఇల్లు రెండు చోట్లా ఒకటే కథ. పల్లెల్లో అద్దె ఇళ్ళని జీత్ అంటారు, జూలైలో తీసుకుంటే జీతం మొత్తం అందులోకే. ఈత కొలను ఉన్న ఇల్లైతే ఒక్క మాట అడగండి. 2003 నాటి చట్టం ప్రకారం నేలలో కట్టిన కొలనుకి కంచె, మూత, పైన కప్పు కట్టిన గూడు, అలారం వీటిలో ఏదో ఒకటి ఉంటే చాలు. అంటే అలారం ఒక్కటే పెట్టినా చట్టానికి సరే. నాకు సరి కాదు. కంచె ఉందని ఫొటో చూపిస్తేనే డబ్బు కట్టాను. క్యాంపు సైట్ల కొలనుల్లో చాలాచోట్ల మగవాళ్ళ వదులు నిక్కర్లు ఒప్పుకోరు, ఒంటికి అంటిపెట్టుకునేవే వేసుకోవాలి. మా ఆయన మొహం చూడాల్సింది.

శాకాహారులకి దోర్దోన్య్ కష్టం, బంగాళాదుంపలు కూడా బాతు కొవ్వులో వేయిస్తారు. లువార్‌లో మేక పాల చీజుతో నెట్టుకురావచ్చు. ఎటెళ్ళినా హోటళ్ళు రాత్రి ఏడు దాటాకే వడ్డిస్తాయి, పిల్లకి ఆరున్నరకి పప్పన్నం జీత్ వంటింట్లోనే.

ఫ్రాన్స్‌లో మిగతా చోట్ల సంగతి రెండు ముక్కల్లో. ఆర్దెష్ లోయలో కనూకి ఏడేళ్ళ లోపు పిల్లల్ని ఎక్కనివ్వరు, వదిలేయండి. అన్సీ సరస్సు చుట్టూ సైకిల్ దారి చక్కనిది, కానీ జూన్‌లో పై కొండ దారుల్లో ఇంకా మంచుంటుంది. సముద్రమే కావాలంటే ఇల్ ద రే దీవి, చదును నేల, సైకిళ్ళు. సెవెన్ (Cévennes) అనే కొండల్లో సామాను గాడిద మీద వేసుకుని నడవడం మాకు ఇంకా కోరికగానే ఉంది.

మా అమ్మాయి సెప్టెంబర్ నుంచి ఈత క్లాసుకి వెళ్తుంది. ఇక్కడ జర్మనీలో ఈత నేర్చిన పిల్లలకిచ్చే సముద్రగుర్రం బ్యాడ్జికి 25 మీటర్లు ఈదాలి. అది వచ్చిన ఏడు మళ్ళీ దోర్దోన్య్ వెళ్తాం. షరతులు ఈసారి నేను చదువుతాను.