శేషాచలం శిలలు చూపిస్తామని డబ్బు తీసుకున్నారు

మనిషికి రూ.5,400 చొప్పున నలుగురికి రూ.21,600. శేషాచలం అడవి, శిలలు, జంతువులు చూపిస్తామంటూ తిరుపతిలోని ఒక టూరు సంస్థ మా దగ్గర ముందే వసూలు చేసిన మొత్తం ఇది. భూగర్భ శాస్త్రం చదివిన గైడు రెండు రోజులూ వెంట ఉంటాడని వాళ్ళ కరపత్రంలో పెద్ద అక్షరాలతో రాశారు. పదో తరగతి చదివే మా అమ్మాయికి రాళ్ళంటే ప్రాణం. ఆ ఒక్క వాక్యం చూసే డబ్బు కట్టాం.

వచ్చిన కుర్రవాడు మర్యాదస్తుడే కానీ భూగర్భ శాస్త్రం ఏనాడూ చదవలేదు. తిరుమలలో శిలాతోరణం దగ్గర దింపి, పావుగంటలో ఫొటోలు తీసుకుని రమ్మన్నాడు. ఆ తోరణం ఎలా ఏర్పడిందని అమ్మాయి అడిగితే అంతా స్వామి మహిమ అన్నాడు. స్వామి మహిమ మీద మాకూ నమ్మకం ఉంది. మా అత్తయ్య అక్కడే నిలబడి చేతులు జోడించింది. కానీ సుమారు 25 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న ఆ రాతి వంతెనను క్వార్ట్‌జైట్ అనే శిలలో (ఇసుకరాయి గట్టిపడి మారిన రాయి) నీరూ గాలీ కలిసి తొలిచాయని, ఆ శిల వయసు 150 కోట్ల ఏళ్ళ పైమాటేనని చెప్పడానికే కదా గైడును పెట్టింది! ఆ సంగతులు చివరికి అమ్మాయే వాళ్ళ నాయనమ్మకు చెప్పింది.

అసలు కోపం ఘాట్ రోడ్డులో వచ్చింది. తిరుమల కొండల్లో శిలల మధ్య ఒక గొప్ప విరామం కనిపిస్తుంది. అడుగున 250 కోట్ల ఏళ్ళకు పైబడిన గ్రానైట్, దాని మీద నేరుగా 160 కోట్ల ఏళ్ళ నాటి నగరి క్వార్ట్‌జైట్. ఈ రెంటికీ మధ్య కోట్లాది ఏళ్ళకు సంబంధించిన రాయే లేదు. ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ అని పిలిచే ఈ చోటును 2001లో జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించారు. కరపత్రంలో రెండో ఆకర్షణ ఇదే. బండి మాత్రం ఎక్కడా ఆగలేదు. ఘాట్‌లో ఆలస్యమైతే జరిమానా వేస్తారని డ్రైవరు చెప్పాడు. ఘాట్ రోడ్డులో జరిమానా పడేది నిర్ణీత సమయం కంటే ముందే చేరుకున్న వాళ్ళకని తిరుపతిలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. మావారు గట్టిగా అడిగితే గైడు కిటికీలోంచి ఎటో చేయి చూపించాడు. అమ్మాయి ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ రాత్రి బస గురించి చెప్పకపోతే అన్యాయం. అడవి కనిపించే గది అన్నారు. భాకరాపేట దాటాక ఒక తోటలో కట్టిన రేకుల కప్పు గదులు అవి. కిటికీ తెరిస్తే అడుగు దూరంలో ప్రహరీ గోడ, దాని అవతల జనరేటరు. డిసెంబరు చలిలో వేడి నీళ్ళు లేవు. బకెట్టు వేడి నీళ్ళకు రూ.50 అడిగారు, అత్తయ్య కోసం ఇచ్చాం. దుప్పట్లు తడిగా ఉన్నాయి. రాత్రిపూట తిరిగే దేవాంగ పిల్లిని (పెద్ద కళ్ళున్న చిన్న జంతువు, కోతుల కోవది) చూపించే నడక కూడా ఉండాలి. జాతీయ పార్కులో చీకటి పడ్డాక తిరగనివ్వరని గైడు అప్పుడు చెప్పాడు. ఆ సంగతి కరపత్రం అచ్చు వేసేటప్పుడే వాళ్ళకు తెలిసి ఉండాలి. గుత్తగా డబ్బు తీసుకుని ఒక్కొక్కటిగా ఎగ్గొట్టే ఈ పద్ధతిని మోసం అనే అంటాను.

మర్నాడు తలకోన మా యాత్రను కాపాడింది. అక్కడ మేము విడిగా మాట్లాడుకున్న స్థానిక యువకుడికి రూ.400 ఇచ్చాం. నెరబైలు వైపు యానాది కుటుంబం. "అవ్వా, నిదానంగా రా, రాళ్ళు జారుతున్నాయి" అంటూ అత్తయ్య చేయి పట్టుకునే నడిపించాడు. ఎర్రచందనం బెరడు మొసలి వీపులా పగిలి ఉంటుందని తాకి చూపించాడు. చెట్ల మీదుగా పాకిన గిల్లతీగ కాయలు మీటరుకు పైగా పెరుగుతాయన్నాడు. ఒకటి నేల మీద దొరికితే అమ్మాయి పక్కన నిలబెట్టి కొలిచాడు. 270 అడుగుల జలపాతం ఆ రోజు నిండుగా దూకుతోంది, దాని గురించి అందరూ రాస్తారు.

నేను రాయాలనుకున్నది ఒక బండ కింది సంగతి. నీళ్ళకు దగ్గరగా ముందుకు పొడుచుకు వచ్చిన ఆ బండ అడుగుభాగాన తెల్లటి చిన్న గుండ్రని పెంకులు గుంపుగా అతుక్కుని ఉన్నాయి. బంగారు బల్లి గుడ్లవి, కొన్ని ఖాళీ పెంకులు, కొన్ని నిండువి. చాలా బల్లులు కలిసి ఒకే చోట ఇలా రాతికి అతికించి పెడతాయట. ఫోను వెలుతురు నేరుగా పడకుండా చేయి అడ్డం పెట్టి ఆ యువకుడు పగులులోకి చూపించాడు. లోపల పసుపుపచ్చ గొంతుతో మగ బల్లి కదలకుండా ఉంది. అమ్మాయి నా మోచేయి గట్టిగా పట్టుకుంది. ఇది ఎక్కువగా నీళ్ళ దగ్గరి రాతి పగుళ్ళలోనే బతుకుతుందని, అందుకే ఇక్కడ ప్లాస్టిక్ సీసాలు పడేసే వాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుందని అతను అన్నాడు. జీతం తీసుకున్న గైడు అప్పుడు బండిలో నిద్రపోతున్నాడు.

తిరుగు దారిలో భాకరాపేటలో రాగి సంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరిబిండి. మనిషికి రూ.140. అత్తయ్యకు పులుసు వద్దంటే పప్పు, మజ్జిగ పెట్టి రూ.60 మాత్రమే తీసుకున్నారు. మావారి ముఖంలో నవ్వు అప్పుడు కనిపించింది.

మరుసటి ఉదయం రూ.1,800 ఇచ్చి వేరే టాక్సీ మాట్లాడుకుని కొండకు వెళ్ళాం. ఎక్కే ముందే డ్రైవరుకు విషయం చెప్పాం, వీలున్న చోట ఆపాడు. కింద ముద్దలు ముద్దలుగా గ్రానైట్, పైన పొరలు పొరలుగా నిట్టనిలువు ఎర్రటి క్వార్ట్‌జైట్ చరియ. రెండూ కలిసే గీత మీద అమ్మాయి వేలు పెట్టి గాలిలో గీసింది. ఒకసారి కన్ను పట్టాక తిరుపతి నుంచి చూసినా ఆ చరియ అంచు గుర్తుపట్టవచ్చు.

కాబట్టి ఈ తరహా టూరు తీసుకునే వాళ్ళు గైడు ఏం చదివాడో, బండి ఏ ఏ చోట్ల ఆగుతుందో, గదిలో వేడి నీళ్ళు ఉన్నాయో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. చిత్తూరు జిల్లాలోని కౌండిన్య అభయారణ్యంలో ఏనుగులను తప్పకుండా చూపిస్తామని ఎవరైనా అంటే అక్కడే లేచి వచ్చేయండి. ఏనుగులను అలా ఎవరూ హామీ ఇవ్వలేరు. టూరు సంస్థ మాకు రూ.2,000 తిరిగి ఇస్తామంది. గైడు, బస, రాత్రి నడక, ఆగని చోటు అన్నీ లెక్క వేసి రూ.9,000 అడిగాం. ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తామని చెప్పాం. కరపత్రమూ రసీదూ మావారు జాగ్రత్త చేశారు.