ఎర్కోలేను చూడాలా, గోలియత్‌ను చూడాలా: ఏది మేలు?

1960లో విట్టోరియో కొట్టాఫావి తీసిన ఇటాలియన్ పౌరాణిక చిత్రం ‘లా వెండెట్టా డి ఎర్కోలే’ను (ఎర్కోలే అంటే గ్రీకు పురాణ వీరుడు హెర్క్యులీజ్) మూలంలోనే చూడాలా, లేక అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ మార్పులు చేసి విడుదల చేసిన ‘గోలియత్ అండ్ ది డ్రాగన్’ సరిపోతుందా అని జానపద చిత్రాలంటే చెవి కోసుకునే పాఠకులు తరచూ అడుగుతున్నారు.

పేరు మార్పు వల్ల పెద్ద నష్టం లేదు. స్టీవ్ రీవ్స్ నటించిన మరో ఇటాలియన్ చిత్రాన్ని ఆ సంస్థ అంతకుముందే ‘గోలియత్ అండ్ ది బార్బేరియన్స్’ పేరుతో విడుదల చేసింది. మార్క్ ఫారెస్ట్ పోషించిన హెర్క్యులీజ్‌కూ అదే పేరు తగిలించింది. బైబిలులోని గొల్యాతుకూ ఈ కథకూ ఏ సంబంధమూ లేదు.

డ్రాగన్ విషయంలో మాత్రం కన్ను ఇట్టే పట్టేస్తుంది. అమెరికన్ ప్రతి కోసం జిమ్ డాన్‌ఫోర్త్ స్టాప్-మోషన్ పద్ధతిలో, బొమ్మను ఫ్రేము ఫ్రేముకూ కాస్త కదుపుతూ చేసిన దృశ్యాలు ముచ్చటగానే ఉంటాయి గానీ, దగ్గరి షాట్లలో నోరు తెరిచే భారీ తల ఆ జంతువుదేనంటే నమ్మబుద్ధి కాదు. లెస్ బాక్స్‌టర్ కొత్తగా సమకూర్చిన సంగీతం హుషారైనది. పోరాట ఘట్టాల్లో నాకు అదే నచ్చింది.

నా దృష్టిలో తేల్చేది ఇవేవీ కాదు, ఇల్లస్ పాత్ర. మూలంలో అతడు హెర్క్యులీజ్ కొడుకు. ఇంగ్లీషులో గోలియత్ తమ్ముడు. ఇరవైల్లో ఉన్న ఫారెస్ట్‌ను ఎదిగిన కొడుకున్న తండ్రిగా ఒప్పుకోవడం కష్టమే, ఆ మేరకు తమ్ముడనడమే చూడడానికి అతుకుతుంది. అయితే కొడుకు ప్రేమించిన పిల్ల విషయంలో అతడితో పంతానికి దిగిన తండ్రి, ఆ కొడుకును తొక్కబోతున్న ఏనుగు కింద తానే దూరి దాని బరువును ఆపినప్పుడు ఆ దృశ్యానికి వచ్చే బలం, అన్నదమ్ముల కథలో సగానికి సగం తగ్గిపోతుంది. అక్కడ మిగిలేది కండల ప్రదర్శన.

గొంతుల కోసం మూలాన్ని ఎంచుకుంటామనే వాదనలో పస లేదు, ఎందుకంటే ఆ రోజుల్లో ఇటాలియన్ చిత్రాలకు మాటలన్నీ షూటింగ్ తరువాతే చేర్చేవారు. కాబట్టి ఇటాలియన్ ప్రతి ముందు చూడండి, డ్రాగన్ మీద సరదా ఉంటే రెండోది తరువాత. సహనిర్మాణం కాబట్టి ఫ్రెంచి డబ్బింగూ ఉంది, ఆ భాష వచ్చినవారికి అభ్యంతరం లేదు. ఏది చూసినా, టీవీ కోసం వెడల్పు కత్తిరించిన ప్రింటును మాత్రం ముట్టుకోవద్దు.