చెక్క మీదికి ఫొటో దింపే మందు: నాలుగేళ్ళ వాడకం తర్వాత

మా అత్తమ్మ పెళ్ళి ఫొటో ప్రింటుకు ఈ మందు పూసి, చెక్క మీద బోర్లా అంటించి, ఆరబెట్టి, బొమ్మ మాత్రం చెక్కకు మిగిలేట్టు పైకాగితమంతా రుద్ది తీసి ఆమె చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "మంచిగున్నది బిడ్డా, గని నా పైట కుడి దిక్కు ఎందుకు వోయింది?" అన్నది. అప్పుడు చూశాను. ఎడమ భుజం మీద ఉండాల్సిన పైట కుడి భుజం మీదికొచ్చింది. మామయ్య చేతిగడియారం కూడా చెయ్యి మారింది. కాగితాన్ని బోర్లా అంటిస్తాం కాబట్టి కుడి ఎడమలు తారుమారవుతాయి, అందుకే బొమ్మను అద్దంలో కనిపించినట్టు తిప్పి ప్రింటు తీయాలి అని సీసా మీద రాసే ఉంది. నేను చదవలేదు.

ఇది 2021 జూన్ మాట. అప్పటినుంచి ఇప్పటిదాకా మూడు సీసాలు ఖాళీ చేశాను, నాలుగోది సగంలో ఉంది. చుట్టాలకిచ్చినవి, మా నల్గొండ ఇంట్లో గోడలకున్నవి, చెడగొట్టి మళ్ళీ గీకేసినవి అన్నీ కలిపితే యాభైకి తక్కువుండవు. కంపెనీ పేరు కావాలని రాయడం లేదు. మూడు కంపెనీలవి వాడాను, తేడా పెద్దగా లేదు. తేడా అంతా ప్రింటులో, చెక్కలో, నీళ్ళలో ఉంది.

నీళ్ళ సంగతి తర్వాత చెప్తాను. ముందు ప్రింటు.

లేజర్ ప్రింటరులో ఉండేది సిరా కాదు, టోనర్ అనే సన్నటి ప్లాస్టిక్ పొడి. యంత్రంలోని వేడి రోలరు దాన్ని కరిగించి కాగితానికి అతికిస్తుంది. మనం పూసే యాక్రిలిక్ మందు ఆరేటప్పుడు ఈ టోనర్‌ను పట్టుకుంటుంది. తర్వాత నీళ్ళు చల్లితే కాగితం నాని పిప్పి అవుతుంది, టోనర్‌కు మాత్రం ఏమీ కాదు. పని మొత్తం దీనిమీదే ఆధారపడింది. ఇంక్‌జెట్ ప్రింటు తెచ్చారా, నీళ్ళు తగలగానే బొమ్మ కారిపోతుంది. క్లాక్ టవర్ దగ్గర ఒక జిరాక్స్ షాపులో అబ్బాయి "లేజరే అక్కా, టెన్షన్ పడకు" అని ఇచ్చిన ఎనిమిది ప్రింట్లు అట్లనే నీలం నీలంగా కారాయి. ఇప్పుడు షాపులోనే ఒక మూల తడి వేలితో రుద్ది చూస్తాను. రంగు అంటితే తీసుకోను. అబ్బాయి ముఖం మాడ్చుకుంటాడు, మాడ్చుకోనీ.

కాగితం కూడా మామూలు 75 జీఎస్ఎం జిరాక్స్ కాగితమే ఉండాలి. మంచిగుంటుందని మెరిసే మందపు కాగితం మీద తీయించుకుంటే రుద్దీ రుద్దీ వేళ్ళు పుండవుతాయి. ఇంకొకటి, స్టూడియోలో కడిగించిన అసలు ఫొటోను నేరుగా అంటించేది లేదు. "మా నాన్న ఫొటో ఇదొక్కటే ఉంది, దింపియ్యి" అని పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటో తెచ్చి చేతిలో పెట్టేవాళ్ళు చాలామంది. దాన్ని స్కాన్ చేసి, లేజర్ ప్రింటు తీసి, ఆ ప్రింటును వాడాలి. అసలుది భద్రంగా వాళ్ళ చేతికే ఇచ్చేస్తాను.

ఇక చెక్క. మొదట్లో నాకు టేకు పిచ్చి ఉండేది. పాత ఇల్లు కూలగొట్టినప్పుడు దాచిన తలుపు చెక్కలు ఉన్నాయి కదా, వాటి మీద తాత ముఖం వస్తే ఎంత బాగుంటుందో అనుకున్నాను. రాలేదు. టేకులో నూనె ఉంటుంది, మందు సరిగ్గా పట్టదు, రుద్దేటప్పుడు బొమ్మ పొరలు పొరలుగా లేచొస్తుంది. పట్టినచోట కూడా ఇంకో చిక్కు ఉంది. మామూలు ప్రింటరులో తెల్ల రంగు ఉండదు. ఫొటోలో తెల్లగా ఉన్నచోట టోనరే పడదు, అక్కడ చెక్క రంగు కనిపిస్తుంది. మామయ్య తెల్ల పంచె టేకు మీద బెల్లం రంగు పంచె అయింది.

ఈ మందుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి ఆరాక గాజులా పారదర్శకంగా ఉంటుంది, ఇంకొకటి తెల్లగానే ఉండిపోతుంది. తెల్లది వాడితే పంచె తెల్లగానే వస్తుంది, కానీ చెక్క గీతలు మొత్తం కప్పుకుపోతాయి. చెక్క కనిపించనప్పుడు అట్ట మీద చేసినా ఒకటే. నేను పారదర్శకంగా ఉండేదే వాడతాను, చెక్కనే తెల్లటిది వెతుక్కుంటాను. మిషన్లు ప్యాకింగ్ చేసి వచ్చే పైన్ చెక్క డబ్బాలు పాత సామాన్ల దుకాణంలో తక్కువకు దొరుకుతాయి, వాటిని మించింది నాకు కనబడలేదు. మామిడి చెక్క కూడా తెల్లగా బాగుంటుంది, కానీ పురుగు పడుతుంది. నేను చేసిన ఒక పలక కింద రోజూ పొద్దున చిటికెడు పొడి రాలేది.

చెక్క బాగా ఆరి ఉండాలి. మా వీధి చివర వడ్లాయన "ఇది పచ్చిగున్నది బిడ్డా, ఒక ఎండకాలం ఆగు" అన్నాడు. ఆగలేదు. దానిమీద మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఫొటో దింపాను, నేను చేసినవాటిల్లో అదే అందమైనది. వచ్చే మే నెలకల్లా చెక్క నిలువునా పగిలింది, సరిగ్గా మాను మధ్యలోంచి. అసలు మర్రికి 2018లో చెదలు పడితే సెలైన్ సీసాలతో మందెక్కించి కాపాడారు, నా మర్రికి ఫెవికాల్ పెట్టి క్లాంపు బిగించాను. పగులు ఇప్పటికీ కనిపిస్తుంది.

అంటించే విధానం పెద్ద కష్టం కాదు. చెక్కను 120 నంబరు ఎమరీ పేపరుతో, తర్వాత 220తో గీతల వెంబడి రుద్ది, దుమ్ము తుడిచేయాలి. అడ్డంగా రుద్దితే ఆ గీతలన్నీ ముఖం మీద తేలతాయి. మందును ప్రింటు బొమ్మ వైపు పూస్తాను, పలచగా కాదు, దోశ మీద వెన్న రాసినంత. బోర్లించి, పాత ఏటీఎం కార్డుతో మధ్యలోంచి అంచుల వైపుకు నొక్కుతూ గాలి తీసేస్తాను. ఇక్కడ ఒక్కటి గుర్తుంచుకోండి, అంచుల్లోంచి పొంగిన మందు కాగితం వెనక వైపుకు అంటకూడదు. అంటిన చోట ఆరాక ప్లాస్టిక్ పొరవుతుంది, ఇక ఎన్ని నీళ్ళు చల్లినా అక్కడి కాగితం నానదు. మా ఆడబిడ్డ కూతురి చెవి మీద తెల్ల మచ్చ అట్లనే మిగిలింది.

ఒక రోజంతా ఆరనివ్వాలని సీసా మీద ఉంటుంది. వానకాలంలో నేను రెండు రోజులు ఉంచుతాను. ఎండకాలంలో సమస్య తిరగబడుతుంది. మన ఎండలకు మధ్యాహ్నం పూట కాగితం బోర్లించేలోపే మందు మీగడ కట్టేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరింటికి, ఫ్యాన్ ఆపేసి చేస్తాను.

తర్వాత రుద్దడం. చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే. స్పాంజితో కాగితాన్ని తడిపి రెండు మూడు నిమిషాలు ఆగితే కింద బొమ్మ మసకగా కనబడుతుంది. చూపుడు వేలి మెత్తటి భాగంతో, గోరు తగలకుండా, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు రుద్దాలి. కాగితం చిన్న చిన్న వత్తుల్లా చుట్టుకుని లేస్తుంది. గట్టిగా నొక్కితే బొమ్మే లేస్తుంది, మెల్లగా చేస్తే విసుగొస్తుంది. ఏ4 సైజుకు నాకు ముప్పావుగంట పడుతుంది. కళ్ళు, పెదవుల దగ్గరికొచ్చినప్పుడు ఊపిరి బిగబట్టి రుద్దుతాను, అది అవసరమేం కాదు, అలవాటు. మొత్తం పోయిందనుకుని ఆరబెడితే పొద్దుటికి బొమ్మంతా తెల్లగా మంచు పట్టినట్టుంటుంది. అది మిగిలిన కాగితం నూగు. తడిగా ఉన్నప్పుడు కనిపించదు, ఆరాక కనిపిస్తుంది. మళ్ళీ తడిపి రుద్దాలి, మూడుసార్లు, ఒక్కోసారి నాలుగుసార్లు.

ఇప్పుడు నీళ్ళ సంగతి. మొదటి ఏడాదంతా ఎన్నిసార్లు రుద్దినా నా బొమ్మల మీద తెలుపు పోయేది కాదు. వేలు పెట్టి చూస్తే నూగులా మెత్తగా కాకుండా సన్నగా గరగరలాడేది. హైదరాబాద్‌లో మా చెల్లె అదే మందుతో, అదే చెక్కతో చేస్తే శుభ్రంగా వచ్చింది. ఎందుకో అర్థం కాక మందును తిట్టుకున్నాను. ఒకరోజు గిన్నెలు తోముతుంటే బోరు నీళ్ళు ఆరిపోయిన స్టీలు చెంబు మీద తెల్ల చారలు చూసి తట్టింది. మా బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు. ఆరిన ప్రతిసారీ బొమ్మ మీద సున్నపు పొర వదిలి పోతున్నాయి, నేను దాన్ని కాగితం అనుకుని మళ్ళీ అవే నీళ్ళతో రుద్దుతున్నాను. నల్గొండ నీళ్ళంటే లోకానికంతా ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, ఆ బాధ ముందు నా తెల్ల చారలు ఒక లెక్క కాదు. కానీ ఈ పనికి మాత్రం ఫిల్టర్ నీళ్ళో, పట్టిపెట్టుకున్న వాననీళ్ళో వాడండి. ఒక చెంబెడు చాలు. ఈ ఒక్క మార్పుతో నా పని సగం తగ్గింది.

మిగిలిన కొద్ది నూగు వార్నిష్ వేస్తే కలిసిపోతుంది. తొందరపడి నేను ఒకసారి కొబ్బరి నూనె పూశాను. అప్పటికప్పుడు తెలుపు మాయమై బొమ్మ నల్లగా నిగనిగలాడింది. కొబ్బరి నూనె ఎప్పటికీ గట్టిపడదు కదా, నెల తిరిగేసరికి ఇంట్లో దుమ్మంతా దానికే అంటుకుంది.

పైపూత గురించి నా పెద్ద ఫిర్యాదు ఒకటుంది. అదే మందును పైన కూడా పూస్తే చాలని సీసా మీద ఉంటుంది. ఆరినట్టే కనిపిస్తుంది, కానీ వేడికి, ఉక్కకు జిగట తేలుతుంది. గృహప్రవేశానికి ఇద్దామని చేసిన రెండు పలకలను ముఖాముఖి పెట్టి బీరువాలో దాచాను. మే నెలలో తీస్తే రెండూ ఒకటే అయ్యాయి. చాకు పెట్టి విడదీస్తే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం స్తంభాల్లో ఒకటి పోయి పక్క పలక మీది పెళ్ళికొడుకు చొక్కాకు అంటుకుంది. గర్భగుడిలో పగలంతా నీడ నిలిచే గుడి అది, నా చెక్క మీద స్తంభమే నిలవలేదు. ఇప్పుడు పైన నీళ్ళతో కలిసే పాలియురథేన్ వార్నిష్ రెండు పూతలు వేస్తాను, పూతకు పూతకు మధ్య 400 నంబరు పేపరుతో తేలిగ్గా రుద్దుతాను. నూనె రకం వార్నిష్ ఏడాదికల్లా పచ్చబడింది. పాత ఫొటోలకు ఆ పసుపు బాగానే ఉంటుంది, పిల్లల ఫొటోలకు కామెర్లొచ్చినట్టుంటుంది.

నాలుగేళ్ళ తర్వాత ఎట్లున్నాయంటే, లోపలి గదుల్లోని బ్లాక్ అండ్ వైట్ బొమ్మలు చేసిన రోజు ఎట్లున్నాయో అట్లనే ఉన్నాయి. నల్ల టోనర్‌లో సాధారణంగా ఉండేది బొగ్గు మసి రంగే, అది ఎండకు అంత తొందరగా వెలవదు. రంగు బొమ్మల సంగతి అట్ల కాదు. పడమటి వరండాలో పెట్టిన మా పాప పుట్టినరోజు ఫొటోలో ఎర్ర గౌను రెండో ఏటికే గులాబీ అయింది, ఇప్పుడు చామంతి రేకులా ఉంది. వంటింట్లో పెట్టింది జిడ్డు పట్టి, తుడిచినప్పుడల్లా అంచుల్లో పొట్టు రాలింది. బయట గేటు మీద ఇంటి పేరుకు దీన్ని వాడొద్దు, నాది ఒక్క వానకాలం కూడా ఆగలేదు.

ఖర్చు చూస్తే, 236 మిల్లీలీటర్ల సీసా నాకు వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా పడింది. ఏ4 సైజువి పదిహేను దాకా వస్తాయి. ప్రింటు ఇరవై రూపాయలు, చెక్క, వార్నిష్ కలిపి ఒక పలకకు రెండు వందల లోపే. వడ్రంగులు వాడే మామూలు తెల్ల జిగురుతో కూడా చేసి చూశాను, పైసల్లో తేలిపోతుందని. అది నీళ్ళకు మళ్ళీ మెత్తబడుతుంది, రుద్దుతుంటే బొమ్మంతా చేతికొచ్చింది.

ఒకటే బొమ్మ ఇరవై కావాలంటే, ఫంక్షన్లో పంచడానికంటే, ఇది వద్దు. హైదరాబాద్‌లో చెక్క మీద నేరుగా యూవీ ప్రింటు వేసే షాపులున్నాయి, వాళ్ళు తెల్ల రంగు కూడా వేస్తారు, గీత చెదరదు. మా తమ్ముడి పెళ్ళికి నేనే అక్కడ వేయించాను. ఒక్క పాత ముఖం, బ్లాక్ అండ్ వైట్‌ది, ఇంట్లో గోడకు కావాలంటే మాత్రం ఈ సీసా కొనండి. అక్కడక్కడా లేచిపోయిన చోట్ల ఆ చెక్క గీతలు కనిపిస్తుంటే పాత ఫొటోకు అది నప్పుతుంది.

అత్తమ్మ ఫొటో మళ్ళీ తిప్పి కొత్తగా చేశాను. రెండూ చూసి, మొదటిదాంట్లోనే ముఖం మంచిగొచ్చిందని దాన్నే పెట్టుకుంది. రెండోది మా మంచం తల వైపున ఉంది.

మరిచిపోయాను, సీసా మూత. వాడిన ప్రతిసారీ మర మీద అంటిన మందు తుడిచి, కొంచెం వ్యాజిలైన్ రాసి మూత బిగించండి. మొదటి సీసాకు అది చేయక మూత అతుక్కుపోయింది, పట్టకారుతో తిప్పితే మూత పగిలింది, మిగిలిన పావు వంతు మందు వారంలో రబ్బరు ముద్ద అయింది.