పాత పుస్తకాలు ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు జాగ్రత్త, నాకు ఆఖరి అధ్యాయం లేని నవల అంటగట్టాడు

ఇన్‌స్టాలో పాత పుస్తకాలు అమ్మే ఆయనే, హన్మకొండలో సగం మంది ఆయన దగ్గరే కొంటారు, పేరు రాయను, మీకు తెలుసు. మా బిడ్డ కాకతీయ యూనివర్సిటీలో ఎంఏ ఇంగ్లీషు, సోమవారం సెమినార్, నవలను సినిమాగా తీస్తే అందులోని నీతి ఎట్లా తలకిందులవుతుందో చెప్పాలి. ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’ కావాలంది, 21 అధ్యాయాలు ఉన్నాయో లేదో అడగమని కూడా చెప్పింది. అడిగాను. "ఫుల్ బుక్ అన్నా, టెన్షన్ వద్దు" అన్నాడు. 480 పంపాను.

నిన్న సాయంత్రం కొరియర్ వస్తే బిడ్డ నిలబడే వెనక నుంచి పేజీలు తిప్పింది. మొదటి భాగంలో ఏడు, రెండో దాంట్లో ఏడు, మూడో దాంట్లో ఆరే. పేజీలు ఊడలేదు, ముద్రణే అంత. 1962లో ఆ నవల రాసిన బర్జెస్ 21 అధ్యాయాలు పెట్టింది ఊరికే కాదు, అది మనిషి పెద్దవాడయ్యే వయసని లెక్క. అమెరికాలో వేసినవాళ్లు ఆఖరిది తీసేశారు, 1986 దాకా అక్కడ అట్లాగే నడిచింది. 1971లో కుబ్రిక్ తీసిన సినిమా కూడా అక్కడే ఆగుతుంది, కథలో హీరో అయిన కుర్ర రౌడీ మళ్లీ పాత రౌడీయే. ఆ ఆఖరి అధ్యాయంలో మాత్రం పద్దెనిమిదేళ్లకే కొట్లాటలంటే వాడికి విసుగొస్తుంది, పాత దోస్తు పెళ్లాంతో కనిపిస్తాడు, తనకూ ఓ కొడుకుంటే బాగుండనుకుంటాడు. నాకు రాకుండా పోయింది సరిగ్గా ఆ ముక్కే.

పొద్దున ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "సినిమా గూడ అక్కడ్నే అయిపోయింది కద సార్, ఆఖరి చాప్టర్ ఎవలు చదువుతరు?" నిన్నటిదాకా అన్నా, ఇప్పుడు సార్! పైగా నవ్వు. వాపస్ తీసుకోమంటే "పాత బుక్కులకు రిటర్న్ లేదు" అని పెట్టేశాడు, మళ్లీ చేస్తే కలవదు. స్పీకర్‌లో విన్న బిడ్డ మాత్రం "నా సెమినార్ ఆయనే చెప్పేశాడు నాన్నా" అని నోట్సులో రాసుకుంది. నాకు నవ్వు రాలేదు.

తప్పు నాదీ ఉంది. ఆయన పంపిన ఫొటోలో కవరు మీద సినిమా బొమ్మే, టోపీ, చేతిలో కత్తి. అబ్బ, పాత ప్రింటు దొరికిందని మురిసిపోయాను, గొప్ప తెలివి.

కొనేటప్పుడు ఆఖరి పేజీ ఫొటో, ముద్రణ సంవత్సరం ఉన్న పేజీ ఫొటో అడగండి, అంతే. 21 అధ్యాయాలున్న ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే ఆదివారం లోపు మెసేజ్ పెట్టండి, కిషన్‌పుర నుంచి నేనే వచ్చి తీసుకుంటాను.