కిబ్బర్‌లో మంచు చిరుత: గీజర్‌కి డబ్బు కట్టొద్దు, స్కోప్‌కి కట్టండి

మంచు చిరుతను చూడ్డానికి హిమాచల్‌లోని స్పితి లోయలో ఉన్న కిబ్బర్ ఊరికి వెళ్లాలంటే ఫిబ్రవరి, మార్చి నెలలే మేలు. మనాలి వైపు కుంజుమ్ కనుమ మంచుతో మూసుకుపోయి ఉంటుంది, సిమ్లా, కిన్నౌర్ మీదుగానే రావాలి. దారి సంగతి అంతే. మోసమంతా ప్యాకేజీలో ఉంటుంది.

మాకు అంటగట్టిన ఏడు రాత్రుల ప్యాకేజీ తలకు 68,000 రూపాయలు. బస ఖర్చు మిగుల్చుకోవడానికి దాన్ని అమ్మిన మధ్యవర్తి దారిలో ఒక్క రాత్రి ఆపి కిబ్బర్ కింద ఉన్న కాజా పట్టణానికి లాక్కొచ్చాడు, మర్నాడే దాదాపు 4,200 మీటర్ల ఎత్తున్న కిబ్బర్‌లో దించాడు. ఆరుగురిలో ఇద్దరికి ఆ రాత్రే తలపోటు, వాంతులు. వాళ్లను తిరిగి కాజాకి దింపడానికి జీపుకి 3,000 అయింది, రెండు పగళ్లు పోయాయి, మిగిలినవాళ్ల ఉత్సాహమూ చచ్చిపోయింది. ఆ ఎత్తుకి ఒళ్లు అలవాటు పడాలంటే దారిలోని కల్పాలో ఒక రాత్రి, టాబోలో ఒక రాత్రి, కాజాలో రెండు రాత్రులు ఆగి ఎక్కాలి. తలనొప్పి ఉండగా పైకి పోకూడదు. తగ్గకపోతే దిగడమే మందు.

"అటాచ్డ్ బాత్రూం, గీజర్" అని రాత్రికి 1,500 అదనంగా గుంజారు. మైనస్ 20కి పడిపోయే ఊళ్లో పైపుల్లో నీళ్లు గడ్డకట్టుకుపోతాయి, గీజర్ ఉన్నా పనిచేయదు. అక్కడ అందరూ వాడేది నీళ్లు లేని మరుగుదొడ్డే. పని అయ్యాక పక్కనున్న మట్టిని పారతో వేయాలి, నీళ్లు అసలు పోయకూడదు. అదే నేరుగా ఊళ్లోవాళ్ల ఇంట్లో దిగితే మూడు పూటల తిండితో రాత్రికి 1,800. గదిని వెచ్చబెట్టే బుఖారీ పొయ్యి పక్కన కూర్చోబెట్టి పెట్టిన వేడి తుక్పా (నూడుల్స్ సూప్) రుచి ఇంకా నాలుక మీదే ఉంది. పడుకునే ముందు బుఖారీ ఆర్పేస్తారు, చలని విసుక్కోవద్దు. మూసిన గదిలో దాని పొగ ప్రాణం తీస్తుంది.

డబ్బు పెట్టాల్సింది దూరంలోని జంతువుని దగ్గరగా చూపే స్కోప్ మీద, చిరుత జాడ పట్టి చూపే ఊరి స్పాటర్ల మీద. ఆరుగురికీ ఒకే స్కోప్ ఇచ్చారు, మీ వంతు వచ్చేసరికి జంతువు గట్టు దాటేస్తుంది. 20–60 రెట్లు పెంచి చూపేది ముగ్గురికి ఒకటైనా ఉండాలి. స్పాటర్లు ముందు చిరుత వేటాడే భరల్ అనే అడవి గొర్రెల మందలు ఎక్కడున్నాయో కనిపెడతారు. మంద మేత మానేసి ఒకే దిక్కుకి బిగుసుకుని చూస్తుంటే స్కోప్ అటు తిప్పుతారు. గడ్డపు రాబందులు ఒకేచోట తిరుగుతుంటే అక్కడ కళేబరం ఉన్నట్టు, చిరుత మూడు నాలుగు రోజులు ఆ చుట్టుపక్కలే ఉండొచ్చు. బూడిదరంగు రాళ్ల మధ్య పడుకుంటే ఒళ్లంతా రాళ్లలో కలిసిపోతుంది. దాదాపు మీటరు పొడవుండే తోక కొస ఒక్కసారి లేచి పడుతుంది, కంటికి ముందు చిక్కేది అదే.

2024 జనవరిలో వెలువడిన అంచనా ప్రకారం దేశం మొత్తంలో ఉన్న మంచు చిరుతలు 718, హిమాచల్‌లో 51. "చూపించడం గ్యారంటీ" అనేవాడికి అడ్వాన్సు ఇవ్వకండి.

ఫొటోలు పొద్దున్నే తీయాలి. ఎండెక్కాక లోయలో గాలి వేడికి అల్లాడుతుంది, ఎంత మంచి లెన్స్ అయినా అర కిలోమీటరు దూరంలోని బొమ్మ మసకబారుతుంది. బ్యాటరీలు లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా పెట్టుకోండి. గదిలోకి వచ్చే ముందు బయటే కెమెరాని జిప్ సంచిలో మూసి, లోపల రెండు గంటలు అలాగే వదిలేయాలి, లేకపోతే లెన్స్‌కి చెమ్మ పట్టి మర్నాడు బయట గడ్డకడుతుంది. మెమరీ కార్డు ముందే తీసి పెట్టుకుంటే ఫొటోల కోసం సంచి తెరవక్కర్లేదు.