టీవీలో టీవీ: గేమ్ బెజెళ్లతో రెండున్నరేళ్లు

మా ఇంట్లోకి బెజెళ్లు (పాత గేముల పక్కన మిగిలే ఖాళీని నింపే ఫ్రేము బొమ్మలు) రావడానికి కారణం మా నాన్న, ఆయన చేతిలో రిమోట్.

పాత గేముల బొమ్మ వెడల్పు-ఎత్తుల లెక్క 4:3, ఇప్పటి టీవీలది 16:9. నా 43 అంగుళాల టీవీలో మారియో పెడితే మధ్యలో 71 సెంటీమీటర్ల బొమ్మ, అటు పన్నెండు ఇటు పన్నెండు సెంటీమీటర్ల నల్లపట్టీ. నాకది పట్టేది కాదు. నాన్నకి మాత్రం ఒళ్లు మంట. "ఒరేయ్, అంత డబ్బు పోసి కొన్నది ఈ నల్లగోడలు చూడ్డానికా?" అంటూ రిమోట్ తీసుకుని బొమ్మని సాగదీసేసేవారు. మారియో సంక్రాంతికి అత్తారింటికెళ్లొచ్చిన కొత్తల్లుడిలా అడ్డంగా బలిసిపోయేవాడు. కాంట్రాలో గుండ్రంగా రావాల్సిన తూటాలు కోడిగుడ్లలా వచ్చేవి. నేను సరిచేసేవాణ్ని. మంచినీళ్లకి లేచి వచ్చేలోపు మళ్లీ సాగిపోయి ఉండేది.

రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్లో పాత గేములాడించే రెట్రోపై వేసుకున్న కొత్తలో ఇంటర్నెట్ నుంచి ఒక బెజెల్ ప్యాక్ దించాను. ఎలా ఎక్కించాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి, అదంతా వదిలేస్తున్నా. అసలు సంగతి చాలా చిన్నది: 1920 బై 1080 సైజులో ఒక పీఎన్‌జీ బొమ్మ, మధ్యలో కిటికీలా ఖాళీ, ఆ ఖాళీలోంచి గేమ్ కనిపిస్తుంది. రెట్రోపైలో గేముల్ని నడిపే రెట్రోఆర్చ్ ప్రోగ్రాం దీన్ని ఓవర్‌లే అంటుంది. ఆ సాయంత్రం మారియో పక్కన ఎర్ర ఇటుకలూ పచ్చ గొట్టాలూ ఉన్న బెజెల్ పెట్టాను. నాన్న వచ్చారు, చూశారు. "ఆఁ, ఇప్పుడు నిండుగా ఉంది" అని రిమోట్ సోఫా మీద పడేసి వెళ్లిపోయారు. గేమ్ వెంట్రుకవాసి కూడా పెరగలేదు. నాలుగు నెలల గొడవ ఒక పీఎన్‌జీతో తీరిపోయింది. ఈ సమీక్షలో నా మెప్పంతా మొదట ఆ ఒక్క సాయంత్రానికే.

తర్వాత నిలువు గేములు. ప్యాక్‌మ్యాన్, గాలగా, డాంకీ కాంగ్ లాంటి ఆర్కేడ్ గేముల (నాణెం వేసి నిలబడి ఆడే పెట్టెలవి) తెర నిలువుగా ఉంటుంది. 1080 ఎత్తుకి ప్యాక్‌మ్యాన్ వెడల్పు 810 పిక్సెళ్లే. అంటే రెండు పక్కలా 555 చొప్పున ఖాళీ, మొత్తం టీవీలో సగానికి పైగా వృథా. బెజెల్ పనితనం ఇక్కడ తెలుస్తుంది. అసలు ఆర్కేడ్ పెట్టెల్లో తెర చుట్టూ ఉండే అట్టమీద ఏ బొమ్మలుండేవో వాటినే స్కాన్ చేసి పక్కలకి పరిచిన బెజెళ్లు దొరుకుతాయి. డబ్బులెలా వేయాలి, కర్ర ఎటు తిప్పాలి అన్న సూచనలతో సహా. ఇదేదో ఇప్పటి కుర్రకారు సరదా అనుకునేవాణ్ని కానీ, తెరకి పక్కబొమ్మ అతికించే అలవాటు వీడియో గేమంత పాతది. 1972లో మాగ్నవాక్స్ ఒడిస్సీ అనే గేమ్ మిషను కొంటే టీవీ అద్దానికి అంటించుకునే రంగుల ప్లాస్టిక్ షీట్లు ఇచ్చేవాళ్లు, చాలా గేములకి ఒక్కో షీటు. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్ నిలువు పెట్టెలో తెర లోపలెక్కడో పడుకుని ఉంటే, దాని నీడ అద్దంలో పడి వెనక గీసిన చంద్రుడి నేల మీద తేలేది. ఆ చంద్రుణ్ని లాప్‌టాప్‌లో మేమ్ అనే ఆర్కేడ్ గేముల ప్రోగ్రాం ఆర్ట్‌వర్క్ ఫైలుతో మొదటిసారి చూసినప్పుడు గేమ్ ఆడటం మర్చిపోయి చచ్చిపోయాను.

ఇంతవరకూ చదివి వెంటనే దించేసుకోకండి.

మొదటి చిరాకు కొలతది. పిక్సెళ్లు చెదరకుండా పూర్ణసంఖ్యతో పెంచే సెట్టింగ్ ఒకటుంది, ఇంటీజర్ స్కేల్. నాకది లేకపోతే కుదరదు, స్క్రోల్ అయినప్పుడు ఇటుకలు వణుకుతాయి. మారియో నాటి కన్సోల్ బొమ్మ నిలువున 240 గీతలు, నాలుగింతలు చేస్తే 960. బెజెల్ చేసినవాళ్లేమో కిటికీని నిండా 1080 ఎత్తుకి కోసి పెడతారు. దాంతో బొమ్మ పైనా కిందా 60 పిక్సెళ్లు, అంటే దగ్గర దగ్గర రెండు వేళ్ల మందం నల్లటి సందు. ఫ్రేము కట్టించిన ఫోటో లోపల జారిపోయినట్టుంటుంది. గేమ్‌బాయ్ బెజెళ్లదింకో కథ. చేతిలో పట్టుకునే మిషను మొత్తం, బటన్లతో సహా టీవీ నిండా గీస్తారు. గేమ్ అగ్గిపెట్టంత. అవి చేసినవాళ్లు గేమ్ ఆడరని నా గట్టి అనుమానం. బ్యాటిల్ సిటీకి (మనందరికీ ట్యాంకుల గేమ్) బెజెల్ పెట్టడం శుద్ధ దండగ. ఆ గేముకే చుట్టూ బూడిదరంగు అంచు ఉంది. అంచుకి అంచు వేసినట్టవుతుంది.

ఇవన్నీ సర్దుకుపోవచ్చు. సర్దుకోలేనిది పోయిన సంక్రాంతికి జరిగింది.

అక్క పిల్లలు ముగ్గురు వచ్చారు. భోగి పొద్దున్నుంచి కనుమ రాత్రి దాకా టీవీ వాళ్లదే. భోజనాలకి పిలిస్తే పాజ్ కొట్టి వెళ్లేవాళ్లు, తిని గాలిపటాలకి మేడెక్కేవాళ్లు, సాయంత్రం దిగొచ్చి మళ్లీ స్టార్ట్ నొక్కేవాళ్లు. అంతసేపూ తెరమీద మీగడరంగు బెజెల్ ఒకటి కదలకుండా వెలుగుతూనే ఉంది, నేనే పెట్టాను, పండగ కళగా ఉందని. కనుమ రాత్రి పిల్లలు పడుకున్నాక నాన్న వార్తలు పెట్టారు. యాంకర్ వెనక నీలం గోడ. ఆ గోడ మీద రెండు నిలువు గీతలు, సన్నగా, పొగలాగా. దగ్గరికెళ్లి చూస్తే నాలుగు మూలల్లోనూ గుండ్రంగా వంపు తిరిగి ఉన్నాయి. అది నా బెజెల్ కిటికీ. ఛానల్ మార్చినా అక్కడే ఉంది. టీవీ ఆపి మళ్లీ వేసినా అక్కడే ఉంది. నాన్న ఏమీ అనలేదు. నాకేసి చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని టీవీకేసి చూశారు. తిట్టినా బాగుండేది.

మర్నాడు మెకానిక్‌ని పిలిచాను. వచ్చి, ప్యానెల్ పోయింది, మార్చాలి అన్నాడు. చెప్పిన ధరకి ఇంకో ఆరేడు వేలు కలిపితే కొత్త టీవీయే వస్తుంది. ఆలోచించి చెప్తానని పంపేశాను. నాది ఎల్‌సీడీ కదా, ఇలాంటి మరక వాటిల్లో మామూలుగా తాత్కాలికమే అని ఎక్కడో చదివిన గుర్తు. ఆ ధైర్యంతో రాత్రంతా తెల్లటి ఖాళీ బొమ్మ పెట్టి వదిలేశాను. హాలు హాలంతా పెళ్లింట్లో లైట్లేసినట్టు వెలుగు, అమ్మ లేచొచ్చి చూసి మళ్లీ పడుకుంది. రెండో రోజుకి గీతలు పల్చబడ్డాయి. ఐదో రోజుకి వెతికినా కనబడలేదు. నాన్న మాత్రం ఇప్పటికీ నీలం గోడ కనిపిస్తే ముందుకి వంగి చూస్తారు.

తప్పు బెజెల్‌దని అననుగానీ, బెజెల్‌ది కాదని కూడా అనలేను. కదలకుండా వెలిగే బొమ్మ ఏదైనా ఇదే చేస్తుంది. కాకపోతే బెజెల్ పుట్టిందే కదలకుండా వెలగడానికి. ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలిగే ఓలెడ్ టీవీలో అయితే ఇలాంటి మచ్చ శాశ్వతంగా ఉండిపోవచ్చు. అలాగని నల్లపట్టీలూ అక్కడ పూర్తి క్షేమం కాదు. మధ్యభాగం ఎక్కువ వెలిగి, పక్కలు తక్కువ వెలిగి తేడాగా అరుగుతాయి. అప్పటినుంచి నేను ముదురురంగు బెజెళ్లే వాడుతున్నా, ఓవర్‌లే ఒపాసిటీ (బొమ్మ చిక్కదనం) సగానికి దించి. గేమ్ పాజ్‌లో వదిలి లేస్తే టీవీ ఆపాలని పిల్లలకి చెప్పాను, వినరు. సగం వెలుగుకి దించాక రాత్రిపూట కళ్లకీ హాయిగా ఉంది. ఇటుకల గోడ మీద మోజు అప్పటికే తగ్గిందని కూడా ఒప్పుకోవాలి. వందల బెజెళ్లు దించినా ఈరోజు వాడేవి మూడే. రెండు ఆర్కేడ్‌వి, ఒకటి నేను చేసుకున్నది.

అటక మీద మా పాత 14 అంగుళాల పోర్టబుల్ టీవీ ఇంకా ఉంది. దించి, దుమ్ము దులిపి, ఫోన్‌తో ఎదురుగా ఫోటో తీశాను. అద్దంలో నా బొజ్జ పడింది, ఫర్వాలేదు, అద్దం ఎలాగూ కోసేస్తాం. గింప్ అనే ఫోటోలు దిద్దే ప్రోగ్రాంలో కిటికీని 1280 బై 960కి కోశాను, పైనా కిందా మిగిలిన ఆ 60 పిక్సెళ్లలో టీవీ ప్లాస్టిక్ అంచు సరిగ్గా కూర్చుంది. రెండు వేళ్ల సందు గొడవ అలా తీరింది. పై అంచు మీద ట్యూబ్‌లైట్ మెరుపు పడితే తీసేయలేదు. కిటికీ లోపలి అంచుకి కాస్త నీడ వేశాక బొమ్మ నిజంగానే లోపలికి ఉన్నట్టు కన్ను నమ్మేసింది. మెగా బెజెల్ అనే షేడర్‌లో (తెరమీది బొమ్మకి వెలుగునీడలు అద్దే చిన్న ప్రోగ్రాం) అయితే గేమ్ వెలుగు ఆ ప్లాస్టిక్ మీద కదులుతూ ప్రతిబింబిస్తుంది కూడా, మా బావ గేమింగ్ లాప్‌టాప్‌లో చూశాను. నా చిన్న రాస్‌ప్‌బెర్రీ పై దాన్ని మోయలేదు. నా దగ్గర కుడివైపు కింద, వాల్యూమ్ బటన్ పక్కన, అమ్మ ఎప్పుడో అంటించిన ఎర్ర బొట్టుబిళ్ల ఉంది. స్టాండ్‌బై లైటనుకుని అక్క పెద్దకొడుకు టీవీ దగ్గరికెళ్లి గోకి చూశాడు.

ఇంతకీ వేసుకోవాలా వద్దా అంటే, నాది ఎల్‌సీడీ, వారానికి రెండు మూడు గంటలకి మించి ఆడను, ఇంట్లో బొమ్మ సాగదీసే నాన్న ఉన్నారు. ఈ మూడూ ఉంటే నిలువు గేములకి కళ్లుమూసుకుని వేసుకోవచ్చు, మిగతా వాటికి ముదురు రంగులో. ఓలెడ్ ఉన్నవాళ్లకీ సెలవులకి పిల్లలొచ్చే ఇళ్లకీ నేను గట్టిగా చెప్పలేను. నల్లపట్టీలు మీ కంటికి అడ్డం రాకపోతే అసలు దీని జోలికే అవసరం లేదు. నాన్న గొడవ పూర్తిగా తీరిందని పైన అన్నాను గానీ, పాత క్రికెట్ మ్యాచ్‌లు పెట్టినప్పుడు ఇప్పటికీ సాగదీసే చూస్తారు. వాటికి బెజెల్ పెట్టలేను కదా.

నాకింకొక్కటి చేయాలనుంది. తెనాలిలో అమ్మమ్మ వాళ్లింట్లో చెక్కతలుపుల షట్టర్ టీవీ ఉండేది. తలుపులు తెరిస్తే చెరో పక్కకి సరిగ్గా మన పట్టీలంత జాగాలో సర్దుకుంటాయి, ఇంతకంటే మంచి బెజెల్ ఎవరు గీస్తారు. మామయ్యని ఫోటో అడిగితే మూడు నెలలకి మొన్న పంపాడు. తలుపులు మూసి తాళం వేసి ఉంది. తాళంచెవి వెతుకుతున్నారట.