నెల్లూరు నుంచి ఒంగోలుకి, హైవే వదిలేసి

మా గోదావరి జిల్లాల్లో పెళ్ళి సంబంధాల దగ్గర నెల్లూరు పేరొస్తే "మాటకారులు, జాగ్రత్త" అంటారు. ఒంగోలు అంటే "పంతం ఎక్కువ" అంటారు. కనిగిరి, మార్కాపురం అంటే "తాగడానికి నీళ్ళే ఉండవట, పిల్లనెలా ఇస్తారు?" అంటారు. ఇలా అనేవాళ్ళలో చాలామంది నెల్లూరు, ఒంగోలు చూసింది చెన్నై వెళ్ళే రైలు కిటికీలోంచే. మా చెల్లికి కందుకూరు సంబంధం కుదిరాక ఈ మాటలు మా ఇంట్లో మరీ ఎక్కువయ్యాయి. అమ్మకి టెన్షన్ పట్టుకుంది. సంక్రాంతి వెళ్ళాక పెళ్ళి పనుల మీద అటు వెళ్ళాల్సి వచ్చినప్పుడు, నెల్లూరులో కారు మాట్లాడుకుని, హైవే ఎక్కకుండా పడమటి మెట్ట మీదుగా ఒంగోలు దాకా వెళ్దామని నేనే పట్టుబట్టాను. నేను, మా ఆయన, అమ్మ. మేము వెళ్ళినప్పటికి కనిగిరి, మార్కాపురం ప్రాంతమంతా ప్రకాశం జిల్లాలోనే ఉంది.

నెల్లూరులో ఉండడానికి చోటు కరువు లేదు. ఆర్టీసీ బస్టాండ్, మద్రాసు బస్టాండ్ చుట్టూ లాడ్జీలు వరసగా ఉంటాయి, అద్దెలు తక్కువే. కానీ ట్రంకురోడ్డు హారన్ల మోత రాత్రి పొద్దుపోయేదాకా ఆగదు. పెద్దవాళ్ళతో వెళ్తే మాగుంట లేఅవుట్, మినీ బైపాస్ వైపు కొత్త హోటళ్ళు మేలు. కాస్త ఖర్చయినా నిద్ర పడుతుంది. మేము మొదట దిగిన లాడ్జిలో వేడినీళ్ళు రోజంతా వస్తాయని ఫోన్‌లో చెప్పి, తీరా వెళ్ళాక పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకే అన్నారు. ఇది తప్పే, మేనేజరుకి ముఖం మీదే చెప్పాం. అయితే కౌంటర్ దగ్గర కుర్రాడు అమ్మ మోకాళ్ళ నొప్పి సంగతి విని, అడగకుండానే వంటింట్లో నీళ్ళు కాచి బకెట్టుతో పైకి తెచ్చాడు. దోమల మందు మాత్రం మీ వెంట ఉండాల్సిందే.

ఇక మాటకారులన్న సంగతి. నెల్లూరులో మనుషులు మాట్లాడతారు, నిజమే. టిఫిన్ హోటల్లో కారం దోశ తింటుంటే పక్క టేబుల్ పెద్దాయన "యాడ్నించి వస్తుండారమ్మా?" అని మొదలుపెట్టి, మా ఊరు, చెల్లి పెళ్ళి, కందుకూరు వియ్యంకుల వ్యవసాయం దాకా అన్నీ అడిగి తెలుసుకున్నారు. ఆ తర్వాత, ఏ రోడ్డు గుంతలు పడిందో, ఎక్కడ భోజనం బాగుంటుందో, ఉదయగిరి కొండ ఎన్ని గంటలకి ఎక్కడం మొదలుపెట్టాలో తనంతట తానే చెప్పారు. అవన్నీ సరిగ్గా ఉన్నాయి. మాతో ఆయనకి పనేమీ లేదు. పని చేయించుకోవడానికే తీయగా మాట్లాడతారని మా వైపు చెప్పే మాట నాకు ఆ తర్వాత ఎక్కడా కనబడలేదు. రైల్వేస్టేషన్ బయట ఒక ఆటో అతను రెట్టింపు అడిగాడు. అది కాకినాడలోనూ ఉంది.

చేపల పులుసు గురించి అందరూ చెప్తారు కాబట్టి ఒక్క విషయమే రాస్తాను. పెద్ద హోటళ్ళలో కన్నా చిన్న మెస్సుల్లో తినండి, ముందు రోజు పులుసు ఉందేమో అడగండి. అడిగితే తప్పు పట్టరు, సంతోషంగా తెచ్చి వడ్డిస్తారు. బొమ్మిడాయి చేపలు దొరికిన రోజైతే వదులుకోవద్దు. మలై కాజా దారికి కట్టించుకోండి.

రంగనాయకులపేటలో రంగనాథస్వామి గుడి పెన్న ఒడ్డునే ఉంది. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన తిరిగిన ఊరిది. భారతం చదివిన అమ్మ ఆ ఒడ్డున చాలాసేపు నిలబడింది. అక్కడి నుంచి స్వర్ణాల చెరువు, బారాషహీద్ దర్గాకి వెళ్ళాం. మొహర్రం నెలలో రొట్టెల పండుగ జరిగేది ఇక్కడే. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, ఇలా కోరికను బట్టి రొట్టె పట్టుకుంటారు. కోరిక తీరినవాళ్ళు మరుసటేడు వచ్చి అదే రొట్టె ఇంకొకరికి పంచుతారు. ముస్లింలు, హిందువులు ఒకే నీళ్ళలో నిలబడి ఇచ్చి పుచ్చుకుంటారు. మేము వెళ్ళిన రోజు చెరువు గట్టు ఖాళీగానే ఉంది, అయినా పెళ్ళి రొట్టె సంగతి విన్న అమ్మ తల మీద కొంగు కప్పుకుని దర్గాలో చెల్లి పేరు చెప్పుకుంది. పండుగ రోజుల్లో వెళ్ళాలనుకుంటే గది చాలా ముందే చూసుకోవాలి, లాడ్జీలన్నీ నిండిపోతాయి.

మైపాడు బీచ్ ఊరికి పాతిక కిలోమీటర్లు. దారంతా వరి మళ్ళు, ఆ తర్వాత రొయ్యల గుంటలు. సముద్రం బాగుంది, ఆడవాళ్ళకి బట్టలు మార్చుకునే చోటు మాత్రం సరిగా లేదు. ఒక సాయంత్రానికి చాలు.

నెల్లూరంటే వరి, రొయ్య, డబ్బు అని మనసులో ఒక బొమ్మ ఉంటుంది కదా, ఆత్మకూరు దాటి వింజమూరు వైపు తిరిగేసరికి ఆ బొమ్మ చెల్లదు. ఎర్రమట్టి, కంపచెట్లు, గొర్రెల మందలు. కాలువ నీళ్ళ జాడ లేదు. కలిగిరి దగ్గర దూబగుంట ఉంది. అక్కడ చూడ్డానికి కట్టడమేమీ లేదు, అయినా కారు అటు తిప్పించాను. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళు చదువుకున్న పాఠం మీద మాట్లాడుకుని, 1991–92లో ఊళ్ళో సారా కొట్టును మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. ఆ నిప్పు జిల్లా అంతా పాకి, రాష్ట్రమంతా లేచింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. నిషేధం తర్వాత సడలిపోయిన సంగతి వేరు. ఊళ్ళో ఒక అవ్వని అడిగితే కొట్టు ఉండిన చోటు చెయ్యెత్తి చూపించి, "మా మొగోళ్ళు కొడతారని భయం లేకపోలా. అయినా పొయ్యినాం" అంది. నెల్లూరు గురించి మా చుట్టాలు చెప్పే కబుర్లలో ఈ ఊరి పేరు ఒక్కసారి కూడా వినలేదు. నాకు అది బాధగా ఉంది.

ఉదయగిరిలో రాత్రి ఉండాలని పెట్టుకోకండి. గదులు దొరుకుతాయి కానీ బాత్రూములు కుటుంబాలకి ఇబ్బంది. తెల్లవారకముందే బయల్దేరి వచ్చి, కొండ ఎక్కి, మధ్యాహ్నానికి దిగిపోవడం మంచిది. కొండ మీద నీళ్ళు దొరకవు, దారి చూపే మనిషిని కింద ఊళ్ళోనే మాట్లాడుకోవాలి. కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం ఇది. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్నే ఆయన తీసుకెళ్ళి హంపీలో ప్రతిష్ఠించాడు. పైన శిథిలమైన గోడలు, మసీదు, కనుచూపు మేరా మెట్ట పొలాలు. కాపలా లేదు, బోర్డులు లేవు. ఇంత చరిత్ర ఉన్న చోటుకి ఒక నీళ్ళ కుళాయి, నాలుగు మరుగుదొడ్లు కట్టలేరా అని కోపం వచ్చింది.

ఉదయగిరి చెక్క గరిటెలు తప్పకుండా కొనండి. నర్ది, బిక్కి లాంటి చుట్టుపక్కల అడవి చెట్ల కర్రతో స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు చెక్కుతారు. చెక్కేవాళ్ళలో ముస్లిం ఆడవాళ్ళు ఎక్కువ. బేరం ఆడబుద్ధి కాలేదు, ఆడాల్సిన ధర కూడా కాదు.

అక్కడి నుంచి పామూరు మీదుగా కనిగిరి. జిల్లా మారిందని బోర్డు చెప్పింది, నేల మాత్రం చెప్పలేదు. చెప్పదు కూడా. 1970 దాకా కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు అన్నీ నెల్లూరు జిల్లాలోనివే. ఆ ఏడాది నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల్లోంచి ముక్కలు తీసి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చినవి. కందుకూరునైతే 2022లో మళ్ళీ నెల్లూరులో కలిపారు, మేము వెళ్ళినప్పటికి అది అందులోనే ఉంది. మా చెల్లి అత్తగారు నెల్లూరు జిల్లాలో పుట్టి, ప్రకాశంలో కాపురం చేసి, ఇల్లు కదలకుండానే తిరిగి నెల్లూరు జిల్లా మనిషి అయింది. ఆవిడకి మాటకారితనం ఏ ఏడాది వచ్చిందో, పంతం ఏ ఏడాది పోయిందో మా చుట్టాలే చెప్పాలి. తేడా ఉన్నది తూర్పుకీ పడమరకీ మధ్య, కాలువ పారే నేలకీ పారని నేలకీ మధ్య. ఆ గీత రెండు జిల్లాలనూ నిలువునా కోస్తుంది.

కనిగిరి ప్రాంతంలో నీళ్ళ కష్టం మాత్రం అబద్ధం కాదు. భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఊరూరా వాటర్ ప్లాంట్లు, ఇంటింటా 20 లీటర్ల క్యాన్లు. నడుము వంగిపోయిన పెద్దవాళ్ళను చూశాం. నల్లమల కొండ కింద సొరంగాలు తవ్వి శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్ళు తెస్తామని వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన చేశారు. ఆనాడు పుట్టిన పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులయ్యారు. నీళ్ళు లేవని పిల్లనివ్వడం మానేసేవాళ్ళు ఆ కోపం ఎవరి మీద చూపించాలో ఒకసారి ఆలోచించాలి.

ఊరి బయట టైరు పంక్చరైంది. షాపులో కుర్రాడు పని చేస్తుండగా వాళ్ళమ్మ ఎదురింట్లోంచి కుర్చీ తెచ్చి వేసి, క్యాన్‌లోంచి చెంబు నిండా నీళ్ళు పట్టి ఇచ్చింది. కొనుక్కున్న నీళ్ళు. అమ్మ సగం తాగి ఇవ్వబోతే "తాగమ్మా, ఇంకా ఉండాయి" అంది. పెద్దకొడుకు, కోడలు బెంగళూరులో బేల్దారి (తాపీ) పనికి పోయారట. ఇద్దరు మనవళ్ళూ ఈవిడ దగ్గరే. ఈ మెట్ట నుంచి బేల్దారి మేస్త్రీలు హైదరాబాదు, చెన్నై, బెంగళూరు దాకా వెళ్తారు. మేముండే హైదరాబాదు అపార్టుమెంటు గోడలు కట్టింది కూడా పామూరు వైపు వాళ్ళేనని మా ఆయన అప్పుడు గుర్తు చేశారు.

మార్కాపురంలో బస బాగుంది. బస్టాండ్ దగ్గర లాడ్జిలో గది శుభ్రంగా ఉంది, అద్దె నెల్లూరులో ఇచ్చినదానిలో సగం, వేడినీళ్ళు చెప్పిన వేళకే వచ్చాయి. ఈ ప్రయాణం మొత్తంలో నా ఓటు ఈ ఊరికే. రాత్రి రాగి సంకటి, నాటుకోడి పులుసు తిన్నాం. లక్ష్మీ చెన్నకేశవస్వామి గుడి పొద్దున్నే చూడాలి, రాతి స్తంభాల మీద వెలుతురు పడుతుంది. తెలుగు పిల్లలు దశాబ్దాల పాటు అఆలు దిద్దిన పలకలు ఈ ఊరి రాతివే. ప్లాస్టిక్, నోటు పుస్తకాలు వచ్చాక పలకల పని పడిపోయింది.

కరువు జిల్లా అనేవాళ్ళు కంభం చెరువు గట్టు మీద ఒక్కసారి నిలబడాలి. విజయనగర రాజుల కాలంలో వరదరాజమ్మ రెండు కొండల మధ్య గుండ్లకమ్మకి అడ్డంగా కట్ట వేయించిందని చెప్తారు. ఆసియాలో మనుషులు తవ్వించిన పాత పెద్ద చెరువుల్లో ఇదొకటి. వానలు బాగా పడిన ఏడాది నీళ్ళు కంటికి ఆనవు. మేము వెళ్ళినప్పుడు సగం పైనే ఉన్నాయి, కింద వరి పచ్చగా ఉంది. గట్టు మీద నీడ, కూర్చోడానికి చోటు తక్కువ. మధ్యాహ్నం వద్దు.

పొదిలి, చీమకుర్తి మీదుగా ఒంగోలు దారిలో పొగాకును వేడికి ఆరబెట్టే బ్యారన్ల నుంచి తీపి వాసన కారులోకి వచ్చింది. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ దేశదేశాలకు వెళ్తుంది. ఆ బండల లారీల వల్ల రోడ్డు మీద చీకటి పడ్డాక ప్రయాణం ప్రమాదం, పగలే దాటండి. టీ కొట్టు దగ్గర ఒకాయన తన కొడుకుని హైదరాబాదు హాస్టల్లో బండల ఊరివాడనీ, మొద్దనీ వచ్చేలా "బండోడా" అని పిలుస్తారని చెప్పి, "వాడు లెక్కల్లో ఫస్టు సార్" అన్నాడు. మా ఆయనకి ఏమనాలో తోచలేదు.

ఒంగోలులో హోటళ్ళు, భోజనం, రైళ్ళు అన్నీ సుఖమే. నేతి మైసూర్‌పాక్ తప్పకుండా కొనాలి. ఒంగోలు గిత్తల సంతతి బ్రెజిల్‌లో లక్షల మందలై పెరిగింది. అక్కడ ఆ జాతిని నెలోర్ అంటారు. 1904లో గుంటూరు జిల్లాలో కలిసేదాకా ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోదే మరి.

చంద్రశేఖరపురం దగ్గర భైరవకోనకి వెళ్ళలేకపోయాం. కొండ రాతిలో తొలిచిన శివాలయాలు, పక్కనే జలపాతం. బస్సులు తక్కువ, సొంత బండి ఉండాలి. జనవరికల్లా జలపాతం సన్నబడుతుందని కనిగిరిలో చెప్పారు, కాబట్టి కార్తీకంలో, వానలు ఆగిన వెంటనే వెళ్ళడం మంచిది. ఈసారి చెల్లినీ, మా మరిదిగారినీ వెంటబెట్టుకుని వెళ్తాం. కందుకూరు నుంచి పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చని వాళ్ళ అత్తగారు అప్పుడే దారి కూడా చెప్పి ఉంచారు.